హాలోవే సందులో ఒక తాత్కాలిక గృహం

మేరీ టీల్బీ పేరు మన సంఘాల్లో ఎక్కువగా వినిపించదు. లండన్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో ఎవరినైనా బాటర్సీ కుక్కల ఇల్లు ఎక్కడ అని అడిగితే మాత్రం దారి చెబుతారు. థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున, పాత విద్యుత్ కేంద్రం పొగగొట్టాలకు దగ్గరలో, రైలు పట్టాలను ఆనుకుని ఉంటుందది. 1860లో ఆ సేవ మొదలైన నాటి నుండి 30 లక్షలకు పైగా కుక్కలు, పిల్లులు దాని గడప తొక్కాయి. దాన్ని మొదలుపెట్టిన ఆమె మాత్రం ఆ బాటర్సీ భవనాన్ని చూడనే లేదు. ఆమెకు దొరికింది ఐదేళ్లు. వేరొక చోట, ఒక పాత గుర్రపుశాలలో గడిచిన ఐదేళ్లు.

ఆమె 1801 డిసెంబరు చివరి రోజుల్లో హంటింగ్డన్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. పుట్టింటి పేరు బేట్స్. హల్ ఓడరేవులో కలప వ్యాపారం చేసే రాబర్ట్ టీల్బీతో పెళ్లి అయింది. ఆ కాపురం నిలబడలేదు. భర్తకు దూరమై ఆమె ఉత్తర లండన్‌కు, పుట్టింటివారి దగ్గరకు చేరుకున్నారు. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో భర్తకు దూరంగా బతికే స్త్రీకి సమాజంలో ఉండే చోటు ఏపాటిదో మన పాఠకులకు వివరించక్కర్లేదు. మన పల్లెల్లో ఈనాటికీ అలాంటి ఆడకూతురిని నలుగురూ ఎలా చూస్తారో చూస్తూనే ఉన్నాం. ఆమె సోదరుడు ఎడ్వర్డ్ బేట్స్ ఆంగ్లికన్ సంఘంలో గురువు, మన వైపు అయ్యగారు అంటామే, ఆయన. తర్వాత జరిగిన ప్రతి పనిలోనూ ఈ సోదరుడు ఆమె పక్కనే ఉన్నారు.

1860 నాటికి ఆమెకు 58 ఏళ్లు. చాలామంది పనులు చాలించుకుని మనవల కోసం ఎదురుచూసే వయసు. ఆమె స్నేహితురాలు సారా మేజర్ ఇస్లింగ్టన్ ప్రాంతంలో, కానన్‌బరీ దగ్గర, వీధిలో పడి ఉన్న ఒక కుక్కను చూశారు. ఎముకలు తేలి, లేవలేని స్థితిలో ఉందది. ఇంటికి తెచ్చారు. మేరీ టీల్బీ వచ్చి చూశారు. ఇద్దరూ కలిసి ఆ కుక్కకు తినిపించారు, తాగించారు, వెచ్చగా పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉన్నారు. అది బతకలేదు.

ఎవరి జీవితంలోనైనా ఇలాంటి సంఘటన ఒకటి ఉంటుంది. రెండు రోజులు బాధపడి ఊరుకుంటాం. వీరిద్దరూ ఊరుకోలేదు. వీధిలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయోనని వెదకడం మొదలుపెట్టారు. దొరికినవాటిని ఇంటికి తెచ్చి, వంటింటి వెనుక గిన్నెలు తోమే గదిలో ఉంచారు. ఆ గది ఎన్నాళ్లు సరిపోతుంది?

అప్పటి లండన్ వీధుల్లో అన్ని కుక్కలు ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు కొంత చట్టంలో, కొంత దొంగతనంలో దొరుకుతుంది. 1796 నుండి ఆ దేశంలో కుక్కకు పన్ను ఉంది. 1853 తర్వాత అది ఏడాదికి కుక్కకు 12 షిల్లింగులు. పేదవాడికి అది తేలికైన మొత్తం కాదు. పన్ను కట్టలేనివాడు, కట్టడం ఇష్టంలేనివాడు కుక్కను వదిలేసేవాడు. ఇక డబ్బున్నవాళ్ల ఇళ్లలో ముద్దుగా పెరిగే చిన్న కుక్కలకు మరో గండం ఉండేది. వాటిని ఎత్తుకుపోవడం లండన్‌లో ఒక వృత్తి. ఎత్తుకుపోయి, దాచిపెట్టి, కబురు పంపి, యజమాని దగ్గర డబ్బు గుంజి తిరిగి ఇచ్చేవారు. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ పెంచుకున్న ఫ్లష్ అనే స్పానియల్‌ను అలా మూడుసార్లు ఎత్తుకుపోయారు. మూడుసార్లూ డబ్బు ఇచ్చే విడిపించుకోవలసి వచ్చింది. 1845లో దీని కోసం ప్రత్యేకంగా చట్టం చేశారంటే ఆ వ్యాపారం ఎంత ముదిరిందో ఊహించుకోవచ్చు. డబ్బు రాదనుకున్న కుక్కను దొంగ మళ్లీ వీధిలోనే వదిలిపెట్టేవాడు.

1860 అక్టోబరు 2న హాలోవేలో, హాలింగ్స్‌వర్త్ వీధి వెనుక ఉన్న గుర్రపుశాలల్లో మేరీ టీల్బీ తమ గృహాన్ని తెరిచారు. దానికి పెట్టిన పేరును తెలుగులో చెప్పుకుంటే, తప్పిపోయిన, ఆకలిగొన్న కుక్కల తాత్కాలిక గృహం.

తప్పిపోయిన అన్న మాట మన చెవికి ఊరికే వినిపించదు. నూరు గొర్రెల ఉపమానం విని పెరిగినవాళ్లం. పాదిరి ఇంటి ఆడపడుచుకు ఆ మాట ఎక్కడ నుండి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. అయినా మా దృష్టిలో ఆ పేరులో అన్నిటికంటే బరువైన మాట తాత్కాలిక అన్నది. ఆమె కుక్కలను కలకాలం దాచి ఉంచే కొట్టం కట్టలేదు. అది దారిలో ఉన్న సత్రం. లోపలికి వచ్చిన కుక్క బయటికి వెళ్లాలి. తప్పిపోయినదైతే వెదుక్కుంటూ వచ్చిన యజమాని వెంట, ఎవరూ లేనిదైతే కొత్త యజమాని వెంట. గడప ఒక్కటే, రెండు వైపులా నడవాలి.

దీని విలువ తెలియాలంటే కుక్కల షెల్టరులో పనిచేసే ఎవరితోనైనా ఒక గంట మాట్లాడితే చాలు. జంతువుల మీద జాలి ఉన్నవారు చేసే మొదటి పొరపాటు ఒక్కటే. తెచ్చినదాన్ని పంపలేరు. పదింటికి చోటున్న దగ్గర ముప్ఫై చేరతాయి. గూళ్లు ఇరుకైపోతాయి, ఒకదానికి వచ్చిన పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బు వారంలో అన్నిటినీ చుట్టేస్తుంది. వచ్చిన పిల్లను కొన్నాళ్లు వేరుగా ఉంచడానికి కూడా గది మిగలదు. అప్పుడు తలుపు దగ్గరకు వచ్చిన ముప్ఫై ఒకటో ప్రాణికి లేదు అని చెప్పక తప్పదు. ఒక కుక్క ఒక ఇంటికి వెళ్లడమంటే రెండు ప్రాణాలకు చోటు దొరకడం. వెళ్లినదానికి ఒకటి, అది ఖాళీ చేసిన గూటిలోకి వచ్చేదానికి ఒకటి. టీల్బీ గారికి పశువైద్య శాస్త్రం తెలియదు. గిన్నెలు తోమే గది నిండిపోవడం మాత్రం కళ్లారా చూశారు.

ఆ గృహం నియమాలను చదివితే జాలి కంటే లోకజ్ఞానమే ఎక్కువ కనిపిస్తుంది. ఆమెను కేవలం మెత్తని మనసుగల ముసలమ్మగా చెప్పేవారు ఆ నియమాలు చదవలేదని మా అభిప్రాయం. తప్పిపోయిన కుక్క కోసం యజమాని వస్తే, దాని తిండికైన ఖర్చు కట్టి తీసుకువెళ్లాలి. చందాదారుల కుక్క అయితే ఉచితం. మంచి మాటే, చందాలు కట్టడానికి ఒక కారణం కూడా అయింది. కుక్కను తెచ్చి అప్పగించినవారికి బహుమానం ఇవ్వబోమని గట్టిగా రాసిపెట్టారు. మొదట చూస్తే ఇది లోభితనంలా ఉంటుంది. వీధి పిల్లవాడు ఒక కుక్కను మోసుకొస్తే చేతిలో ఒక పెన్నీ అయినా పెట్టకూడదా? కానీ ఆ పెన్నీ పెడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మర్నాటి నుండి ఎవరి వాకిట్లో కుక్క అయినా తప్పిపోయిన కుక్కే అవుతుంది. దొంగలకు ఆ గృహమే సంత అవుతుంది. మంచి పని పేరుతో చెడ్డ వ్యాపారం పెరగకుండా ముందే తలుపు మూశారు.

చివరి నియమం కఠినమైనది. పద్నాలుగు రోజుల లోపు ఎవరూ వచ్చి గుర్తించని కుక్కను, కమిటీ ఉత్తర్వు మీద ఖర్చుల కోసం అమ్మివేస్తారు, లేదా మరొక విధంగా పరిష్కరిస్తారు. ఆ మరొక విధంగా అన్న రెండు మాటల వెనుక ఏముందో దాచిపెట్టడం మాకు ఇష్టం లేదు. జబ్బుపడ్డవి, ఎవరికీ అక్కరలేనివి చంపబడేవి. ఆ గృహం చరిత్రలో ఇది చిన్న భాగమేమీ కాదు. తర్వాతి దశాబ్దాల్లో వేల సంఖ్యలో జరిగింది. 1884లో బెంజమిన్ వార్డ్ రిచర్డ్సన్ అనే వైద్యుడు, కనీసం నొప్పి లేకుండా పోవాలని, విషవాయువుతో పనిచేసే ఒక గదిని అక్కడ ఏర్పాటు చేశారు కూడా. జీవితచరిత్రలు రాసేవారు ఇలాంటి పేజీలను త్వరగా తిప్పేస్తారు. పద్నాలుగు రోజుల గడువు అంటే, ఆ పద్నాలుగు రోజుల్లో ఒక ఇల్లు దొరికితే ప్రాణం దక్కేది. కుక్కను తీసుకువెళ్లడానికి వచ్చే మనిషి కోసం ఆ గృహం అంతగా ఎదురుచూసిందంటే కారణం అదే.

ఇంకా నెల తిరగకుండానే ఎగతాళి మొదలైంది. అక్టోబరులోనే టైమ్స్ దినపత్రిక ఈ ప్రయత్నాన్ని ఏకిపారేసింది. జీవకారుణ్యం ముదిరి పిచ్చిలోకి దిగిందనీ, ఈ మనుషులకు మతి చలించిందనీ అర్థం వచ్చేలా రాసింది. లండన్‌లో తిండిలేని మనుషులు, వర్క్‌హౌసుల గుమ్మాల దగ్గర వరుసకట్టిన అనాథలు ఉండగా కుక్కలకు సత్రమా అన్న ప్రశ్న చాలామంది నోట వినిపించింది.

ఈ ప్రశ్నను తోసిపారేయలేం. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్దలు మమ్మల్ని కూడా ఇదే అడుగుతుంటారు. లేఖనాల్లో కుక్కకు దక్కిన గౌరవం కూడా తక్కువే. ఎక్కువచోట్ల అది తిట్టుగానే వస్తుంది. ధనవంతుని వాకిట లాజరు కురుపులు నాకిన కుక్కలను మాత్రం మేము ఎప్పుడూ మరచిపోలేదు. ఆ వాకిట అతని దగ్గరకు వచ్చినట్టు కనిపించేవి అవి ఒక్కటే. మనుషుల ఆకలికి, కుక్కల ఆకలికి మధ్య పోటీ పెట్టినవారు మొదటిదాని కోసం ఎంత చేశారని లెక్క అడిగితే సాధారణంగా జవాబు ఉండదు. టీల్బీ గారు వారితో వాదానికి దిగలేదు. తెరిచిన గుర్రపుశాల తలుపు తెరిచే ఉంచారు.

ఆమెకు ముందు ఈ దారిలో నడిచినవాడు ఒక పాదిరి కావడం మాకు కొంత గర్వంగానే ఉంది. 1824లో ఆర్థర్ బ్రూమ్ అనే గురువు, విల్బర్‌ఫోర్స్, రిచర్డ్ మార్టిన్ వంటి పార్లమెంటు సభ్యులతో కలిసి, జంతువుల పట్ల క్రూరత్వాన్ని అడ్డుకునే సంఘాన్ని లండన్‌లోని ఒక కాఫీ హోటల్లో స్థాపించారు. బానిస వ్యాపారంతో పోరాడిన ఆ విల్బర్‌ఫోర్సే. మనుషుల బాధ పట్టినవాడికి జంతువుల బాధ పట్టదన్న వాదానికి ఇంతకంటే జవాబు ఏం కావాలి? సంఘం చేసిన అప్పులకు బాధ్యుడిగా బ్రూమ్ 1826లో జైలుకు వెళ్లారు. ఆయన జైలుపాలైన ఆ సంఘమే ముప్ఫై నాలుగేళ్ల తర్వాత, రాయల్ అన్న బిరుదుతో, పాల్ మాల్‌లోని తన కార్యాలయంలో టీల్బీ గారి కమిటీకి చోటిచ్చింది. 1860 నవంబరు 27న మొదటి సమావేశం అక్కడ జరిగింది.

దినపత్రిక ఎగతాళి చేస్తే, వారపత్రిక ఒకటి ఆ గాయానికి మందు రాసింది. (వారపత్రిక నడిపేవారం కనుక ఈ మాట రాయడంలో మాకు కొంచెం సంతోషం ఉంది.) 1862 వేసవిలో ఇస్లింగ్టన్‌లో కొత్తగా కట్టిన అగ్రికల్చరల్ హాలులో పెద్ద కుక్కల ప్రదర్శన జరిగింది. మేలుజాతి కుక్కలు, మెత్తలు, వెండి బహుమతులు, చూడవచ్చిన గొప్ప కుటుంబాలు. చార్లెస్ డికెన్స్ నడిపే ఆల్ ది ఇయర్ రౌండ్ పత్రిక ఆ ఆగస్టులో ఒక వ్యాసం ప్రచురించింది. ఒకవైపు ఈ ప్రదర్శన, మరోవైపు దానికి ఎంతో దూరంలో లేని హాలోవే గుర్రపుశాల. రెండింటినీ పక్కపక్కన పెట్టి, బహుమతి కుక్కల కంటే ఈ దిక్కులేని కుక్కలే మనసుకు దగ్గరైనవని చూపింది. డికెన్స్ పేరున్న పత్రికలో ఒక్క వ్యాసం వస్తే చాలు, ఆ రోజుల్లో చదువుకున్న ఇళ్లన్నిటికీ చేరేది. నవ్వినవారిలో కొందరైనా హాలోవే దారి పట్టారు.

మన దగ్గర ఈ ప్రశ్న పాతబడలేదు. ఆ గృహం తెరిచిన సరిగ్గా నూరేళ్లకు, 1960లో, రుక్మిణీదేవి అరుండేల్ పట్టుదల వల్ల జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం మన దేశంలో వచ్చింది. హైదరాబాదులో బ్లూ క్రాస్ 1992 నుండి పనిచేస్తోంది. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి ఆదేశించింది. పది రోజులు దాటగానే పెద్ద ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. శస్త్రచికిత్స, టీకా అయ్యాక, రేబీస్ సోకినవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటిని తెచ్చిన చోటే వదలాలంది. అదే నెలలో హైదరాబాదు నగరపాలక సంస్థ నాటు కుక్కపిల్లలకు దత్తత మేళా పెట్టింది. కుక్క కాటుకు పసిబిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి జాలి గురించి మాట్లాడడం ఎవరివల్లా కాదు, మా వల్ల కూడా కాదు. అయితే దేశంలోని వీధికుక్కలన్నిటినీ ఎప్పటికీ పోషించగల షెల్టరును కట్టలేమన్న సంగతి ఆ 58 ఏళ్ల ఆమెకు ఒక్క గది నిండగానే అర్థమైంది.

మన ఇళ్ల సంగతి కూడా ఒక మాట. పిల్లలు ముచ్చటపడ్డారని వేలు పోసి లాబ్రడార్ పిల్లను కొంటారు. రెండేళ్లకు పిల్లలు హాస్టళ్లకు వెళతారు. అమెరికాలో కూతురికి పురుడని తల్లిదండ్రులు ఆరు నెలలకు విమానం ఎక్కుతారు. టిక్కెట్లు, మందులు, పచ్చళ్లు అన్నీ సర్దుకున్నాక, చివరి వారంలో కుక్క గుర్తుకొస్తుంది. వాచ్‌మన్‌కు కొంత డబ్బిచ్చి అప్పగిస్తారు, లేదా ఊరి బయట వదిలేసి వస్తారు. వీధిలో పుట్టిన కుక్కకు వీధిలో బతకడం తెలుసు. సోఫా మీద పెరిగినదానికి తెలియదు. ఇలాంటివాటికి కావలసింది మరో ఇల్లు, ఆ ఇంటిని వెదికిపెట్టే మనిషి, వెదకడానికి కొంత వ్యవధి. విమానం ఎక్కడానికి ముందు వారం ఆ పనికి చాలదు.

హాలోవేకు తిరిగి వద్దాం. ఆ ఐదేళ్లూ సుఖంగా సాగలేదు. డబ్బు ఎప్పుడూ చాలేది కాదు. ఇరుగుపొరుగు వారు కుక్కల అరుపులు భరించలేక ఫిర్యాదులు చేసేవారు. రాత్రంతా మొరిగే గుర్రపుశాల పక్కన ఉండేవారి బాధ కూడా బాధే. అంతలో టీల్బీ గారికి క్యాన్సర్ వచ్చింది. ఆమె లండన్ వదిలి బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని బిగిల్స్‌వేడ్ పట్టణానికి వెళ్లారు. 1865 అక్టోబరు 3న అక్కడే కన్నుమూశారు. గృహం తెరిచి ఐదేళ్లు నిండిన మర్నాడు అది.

ఆమె పోయాక ఆ పని ఆగిపోయి ఉండవచ్చు. ఆగలేదు. 1867లో లండన్ వీధుల చట్టం వచ్చి, తిరుగుతున్న కుక్కలను పట్టుకునే అధికారం పోలీసులకు ఇచ్చింది. పట్టుకున్నవాటిని ఎక్కడ పెట్టాలో పోలీసులకు తెలియదు. ఉన్న చోటు హాలోవే గృహం ఒక్కటే. దినపత్రిక పిచ్చి అన్న పని నగరానికి అవసరమైంది. అదే ఏడు కుక్క పన్ను కూడా 5 షిల్లింగుల లైసెన్సుగా తగ్గింది. 1871లో గృహం బాటర్సీకి, రైలు కూతల మధ్య కుక్కల అరుపులు ఎవరికీ పట్టని చోటికి మారింది. 1883లో పిల్లులకు కూడా తలుపు తెరిచారు. 1885లో విక్టోరియా రాణి పోషకురాలయ్యారు. పోలీసులు తెచ్చే కుక్కల గడువు అప్పటికి మూడు రోజులకు తగ్గిపోయి ఉంది. దాన్ని పెంచమని ఆమె అడిగారు, ఐదు రోజులకు పెంచారు. రెండు రోజులు. రాజ్యాలేలే రాణి అడిగి తెచ్చినది అంతే. యజమాని వెదుక్కుంటూ రావడానికి ఒక్కోసారి అంతే కావాలి.

మేరీ టీల్బీని బిగిల్స్‌వేడ్‌లో సెయింట్ ఆండ్రూస్ దేవాలయం ఆవరణలో సమాధి చేశారు. తర్వాత ఎడ్వర్డ్ బేట్స్ అయ్యగారిని కూడా ఆమె దగ్గరే ఉంచారు.